కొండ నడక నేర్చుకుందాం – 4వ పాఠం: దిగడానికి కాళ్లను సిద్ధం చేయడం

మొదటి పాఠంలో సమతల నేల మీద ఆగకుండా రెండు గంటలు నడవడం సాధన చేశాం. రెండో పాఠంలో ఎక్కే వేగాన్ని ఊపిరికి తగ్గట్టు అదుపు చేసుకోవడం, మూడో పాఠంలో వీపుసంచిలో బరువు సర్దుకోవడం నేర్చుకున్నాం. ఆ మూడింటినీ శ్రద్ధగా సాధన చేసినవారు ఒక మోస్తరు కొండను ధైర్యంగా ఎక్కగలరు. కానీ ఎక్కిన దారంతా తిరిగి దిగవలసి ఉంటుంది. శిక్షణ మొత్తం ఎక్కడానికే కేటాయించి, దిగడం దానంతట అదే వస్తుందిలే అని వదిలేయడం కొత్తవారిలో తరచుగా కనిపించే పొరపాటు. ఈ ధారావాహికలో ఒక్క పాఠమే చదివే తీరిక ఉన్నవారికి నేను ఇదే చదవమని చెబుతాను.

నా మొదటి పెద్ద కొండ మీద నేనూ ఆ పొరపాటే చేశాను. శిఖరం చేరేసరికి ఒంట్లో సత్తువ మిగిలే ఉంది. ఆ ఉత్సాహంలో దారి బాగున్న చోటల్లా దాదాపు పరుగెత్తుతూ దిగాను. ఊపిరి ఎక్కడా ఆడకపోవడం లేదు, చెమట కూడా పెద్దగా పట్టలేదు. దిగవలసిన ఎత్తులో మూడు వంతులు పూర్తయ్యాక తొడలు వణకడం మొదలుపెట్టాయి. చివరి అరగంట మోకాళ్లు నా మాట వినలేదు. మర్నాటి నొప్పి ఒక ఎత్తయితే, ఆ తర్వాతి రోజు నొప్పి మరొక ఎత్తు. ఇంట్లో మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఎక్కేటప్పుడు ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న శరీరం దిగేటప్పుడు ఒక్క హెచ్చరికైనా ఎందుకు చేయలేదన్న ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. దాని జవాబులోనే ఈ పాఠం ఉంది.

బావిలోంచి నిండు చేదను పైకి లాగడం ఒక పని. అదే నిండు చేదను, తాడు చేతుల్లోంచి జారిపోకుండా పట్టుబట్టి మెల్లమెల్లగా కిందికి వదలడం వేరే పని. ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరం పొట్టిగా కుదించుకుంటూ శరీరాన్ని పైకి లేపుతుంది. దిగేటప్పుడు ఆ కండరమే, మోకాలు వంగుతున్నకొద్దీ తాను సాగుతూ, మన బరువు ఒక్కసారిగా కిందికి పడిపోకుండా నిలువరిస్తుంది. బరువును మోస్తూ సాగడమనే ఈ రెండో పనిలో కండరం ఎక్కువ బలాన్ని చూపగలదు, తక్కువ ఆక్సిజన్‌తో సరిపెట్టుకుంటుంది. 1952లో అబట్, బిగ్లండ్, రిచీ అనే శాస్త్రవేత్తలు దీన్ని చక్కని ప్రయోగంతో చూపారు. రెండు సైకిళ్లను వెనుకభాగాలు ఎదురెదురుగా వచ్చేలా నిలిపి, గొలుసుతో కలిపారు. ఒకరు పెడల్ ముందుకు తొక్కుతుంటే, రెండోవారు వెనక్కి తిరుగుతున్న తమ పెడల్‌ను నిలువరిస్తూ ఎదురు పట్టారు. ఇద్దరి కాళ్లూ ఒకే బలాన్ని చూపుతున్నా, ఎదురుపట్టిన మనిషికి అవసరమైన ఆక్సిజన్ తొక్కిన మనిషికి అవసరమైనదాని కంటే ఎంతో తక్కువగా తేలింది.

వినడానికి ఇది మంచి వార్తే. అయితే అంత బలాన్ని తక్కువ కండర తంతువులే పంచుకోవడం వల్ల ఒక్కో తంతువు మీద ఒత్తిడి ఎక్కువగా పడుతుంది, వాటిలో సన్నని చీలికలు ఏర్పడతాయి. ఎక్కేటప్పుడు మితిమీరితే ఊపిరి ఎగసిపడి మనల్ని ఆపుతుంది. దిగేటప్పుడు ఆ కాపలాదారు నిద్రపోతాడు. కండరాలు దెబ్బతింటున్న సంగతి మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందువల్ల దిగే వేగాన్ని ఆయాసంతో కొలవకూడదు, ఎంత ఎత్తు దిగామన్న లెక్కతో కొలవాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. రెండో రోజు వచ్చే ఈ నొప్పికి కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లమే కారణమని ఇప్పటికీ చాలామంది శిక్షకులు చెబుతుంటారు. శ్రమ ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలోని లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం శరీరంలో ఉండే రూపం) మామూలు స్థాయికి చేరుతుంది. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య గరిష్ఠంగా ఉంటుంది. కారణం తొలగిపోయిన రోజు తర్వాత ఫలితం ముదరడమనేది పొసగే మాట కాదు. ఆలస్యంగా వచ్చే ఈ నొప్పి కండరం లోపలి చీలికల వల్ల కావచ్చునని థియోడోర్ హఫ్ అనే శాస్త్రవేత్త 1902లోనే ప్రతిపాదించాడు.

మనకు అన్నింటికన్నా ఉపయోగపడే సంగతి ఇప్పుడు చెబుతాను. ఒకసారి ఇలా సాగుతూ శ్రమపడి కోలుకున్న కండరం, అదే శ్రమ మళ్లీ ఎదురైనప్పుడు చాలా తక్కువగా దెబ్బతింటుంది. ఈ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. పైగా దాన్ని సంపాదించడానికి మొదటిసారి నొప్పితో కుంటవలసిన అవసరం లేదు. కొద్దిపాటి మోతాదు కూడా పనిచేస్తుంది. సైకిల్ తొక్కడం, ఈత కొట్టడం, ఏటవాలు ట్రెడ్‌మిల్ మీద ఎక్కడం గుండెకు ఎంతో మంచివే కానీ, వాటిలో కండరం భారం కింద సాగే పని దాదాపు ఉండదు కనుక ఈ రక్షణను అవి ఇవ్వలేవు. దిగడానికి సిద్ధం కావాలంటే దిగడమే సాధన చేయాలి.

సాధనకు కొండ అక్కర్లేదు, ఒక మెట్టు చాలు. సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు అంచున ఒక కాలి మీద నిలబడి, రెండో కాలిని గాలిలో ముందుకు ఉంచండి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ, నిలబడిన కాలి మోకాలిని మెల్లగా వంచుతూ, గాలిలో ఉన్న కాలి మడమ నేలను తాకేదాకా దిగండి. మడమ మీద బరువు వేయకుండా, తాకీ తాకనట్టు తాకించి తిరిగి లేవండి. వంగుతున్న మోకాలు పాదపు రెండో వేలి దిశలోనే ఉండాలి. అది లోపలికి వాలుతున్నా, నడుము ఒక పక్కకు కుంగుతున్నా మెట్టు ఎత్తు తగ్గించుకోవాలి. అద్దం ముందు చేస్తే ఈ తప్పు వెంటనే కనిపిస్తుంది. వేగంగా ముప్పైసార్లు చేసినదానికంటే నిదానంగా ఎనిమిదిసార్లు చేసినది విలువైనది, ఎందుకంటే మనం నేర్పుతున్నది నిదానాన్నే.

మొదటి రెండు వారాలు ఒక్కో కాలికి ఎనిమిదిసార్ల చొప్పున రెండు విడతలు, వారానికి రెండు రోజులు చేయండి. ఆ రెండు రోజుల మధ్య కనీసం రెండు రోజుల విరామం ఉండాలి. మూడో వారం నుంచి పదిసార్ల చొప్పున మూడు విడతలకు పెంచండి. ఐదో వారంలో మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లకు పెంచవచ్చు, లేదా అదే ఎత్తులో ఐదు కిలోల సంచి తగిలించుకోవచ్చు. రెండింటినీ ఒకే వారంలో పెంచవద్దు.

దీనితో పాటు మెట్లు దిగే సాధన కూడా ఉండాలి. 15 సెంటీమీటర్ల మెట్లు రెండువేలు దిగితే 300 మీటర్లు దిగినట్టు లెక్క. ఈ అంకె చూస్తే 900 మీటర్ల కొండ కాళ్లను ఏం అడుగుతుందో అర్థమవుతుంది. తొలి వారం రెండు వందల మెట్లతో మొదలుపెట్టి, మర్నాడూ ఆ మర్నాడూ తొడల స్థితిని గమనించి, నొప్పి తేలికగా ఉంటేనే వారానికి వంద, నూట యాభై చొప్పున పెంచుకుంటూ ఆరో వారానికి ఎనిమిది వందల దాకా చేరండి. లిఫ్టు అందుబాటులో ఉంటే పైకి లిఫ్టులో వెళ్లి కిందికి నడిచి రావడం ఈ పాఠానికి సరిగ్గా సరిపోతుంది. సాధారణంగా అందరూ చేసేది దీనికి తలకిందులు. యాత్రకు ముందు వారం మాత్రం ఈ సాధన మానేయాలి. బడలిక తీరని కండరంతో కొండకు వెళితే ఇన్నాళ్ల శ్రమ వృథా అవుతుంది.

ఇక వాలు మీద నడకలోని నేర్పు. భయం వేసినప్పుడు శరీరం సహజంగానే వెనక్కి వాలుతుంది, జారిపడడానికి ముఖ్య కారణం కూడా అదే. వెనక్కి వాలిన మనిషి బరువు మడమ అంచు మీద పడుతుంది, అరికాలు నేలను గట్టిగా అదమదు, పాదం ముందుకు జారుతుంది. నడుమును పాదాల మీదికి తీసుకురండి. ముక్కు, మోకాలు, కాలి మునివేళ్లు దాదాపు ఒకే గీతలో ఉన్నట్టు ఊహించుకోండి. మోకాళ్లను ఎప్పుడూ పూర్తిగా చాచకండి. నిటారుగా చాచిన కాలు నేలను తాకినప్పుడు అదురు నేరుగా కీళ్లలోకి పోతుంది, కొద్దిగా వంగిన కాలు ఆ అదురును కండరంలోకి తీసుకుంటుంది. అడుగులు చిన్నవిగా, ఎక్కువగా వేయండి. ఒక్క పెద్ద అడుగులో దిగే ఎత్తును మూడు చిన్న అడుగుల్లో దిగితే సమయం పెద్దగా పోదు గానీ ఒక్కో అడుగు మీది భారం బాగా తగ్గుతుంది.

చూపు పాదాల మీద కాకుండా రెండు మూడు మీటర్ల ముందు ఉండాలి. ఇది మొదట్లో కష్టంగా అనిపిస్తుంది, ఎందుకంటే పాదం ఎక్కడ పడుతోందో చూడకపోతే నమ్మకం కుదరదు. కానీ కన్ను ముందే ఎంచిన చోట కాలు తానుగా పడడం గంటసేపటి సాధనలోనే అలవాటవుతుంది. పొడి మట్టి మీద పాదమంతా ఒకేసారి ఆనించండి. వదులు కంకర మీద బరువును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా మార్చండి. తడిసిన వేళ్ల మీద, నాచు పట్టిన రాతి మీద అసలు కాలు పెట్టకుండా దాటడం ఉత్తమం. వాలు మరీ నిటారైనప్పుడు దారి వెడల్పును వాడుకుని అటొక నాలుగు అడుగులు, ఇటొక నాలుగు అడుగులుగా వంకరలు తిరుగుతూ దిగండి. ఒకే చోట పెద్ద ఎత్తు దిగవలసి వస్తే పక్కకు తిరిగి దిగండి. దారి తెగిపోయేలా అడ్డంగా కోసుకుని దిగడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఆ అడ్డదారి వానల్లో కాలువగా మారి కొండ మట్టిని కోసేస్తుంది.

చేతికర్రల విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు: దిగేటప్పుడు అవి తప్పక ఉండాలి. 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, 25 డిగ్రీల వాలు దిగుతున్నవారి మోకాళ్లపై పడే బలం కర్రల వల్ల 12 నుంచి 25 శాతం దాకా తగ్గినట్టు కొలిచారు. సమతలం మీద మోచెయ్యి లంబకోణంలో వంగేంత పొడవు సరైనది. దిగేటప్పుడు దానికి ఐదు నుంచి పది సెంటీమీటర్లు కలపండి. కర్రను పాదం కంటే ముందుగా, దిగువన ఆనించిన తర్వాతే అడుగు వేయండి. అడుగు పడ్డాక ఆనించిన కర్ర వల్ల మోకాలికి మిగిలే లాభం ఏమీ ఉండదు.

బూట్లలో పాదం ముందుకు జారితే బొటనవేలి గోరు నల్లబడుతుంది. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగడం మొదలుపెట్టే ముందు ఆగి, మడమను వెనక్కి నెట్టి, చీలమండ దగ్గర లేసును గట్టిగా బిగించండి.

దిగడానికి ఎంతసేపు పడుతుందో ముందే అంచనా వేయడం కూడా ఈ పాఠంలో భాగమే. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఇందులో దిగడానికి లెక్క లేదు. ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే మరో పర్వతారోహకుడు తర్వాత ఆ లోటు తీర్చాడు. వాలు 5 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే దిగే ప్రతి 300 మీటర్లకు పది నిమిషాలు తీసివేయాలి. 12 డిగ్రీలు దాటితే పది నిమిషాలు కలపాలి. రానుపోను 12 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎత్తు ఉన్న కొండను తీసుకుందాం. దూరానికి 2 గంటల 24 నిమిషాలు, ఎక్కడానికి గంటన్నర, మొత్తం 3 గంటల 54 నిమిషాలు. దిగే దారి నిటారైనదైతే మరో అరగంట కలిపి 4 గంటల 24 నిమిషాలు, మెల్లని వాలైతే అరగంట తీసివేసి 3 గంటల 24 నిమిషాలు అవుతుంది. విరామాలు ఇందులో లేవు, వాటిని విడిగా కలుపుకోవాలి. ఒకే ఎత్తు, ఒకే దూరం ఉన్న రెండు కొండల మధ్య దిగే వాలు వల్లనే గంట తేడా రావడం గమనించండి. చీకటి పడే వేళ నుంచి ఈ లెక్కను వెనక్కి వేసి, శిఖరం చేరినా చేరకపోయినా ఏ గంటకు వెనుదిరగాలో కాగితం మీద రాసుకోండి.

మోకాలి చిప్ప చుట్టూ గుచ్చినట్టు నొప్పి, వాపు, మోకాలు పట్టేసినట్టు ఉండడం సాధన వల్ల వచ్చే మామూలు నొప్పి కాదు. అప్పుడు ఆపి వైద్యుడికి చూపించాలి. తీవ్రమైన కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బాగా దెబ్బతిన్న కండరాల నుంచి వెలువడే పదార్థం మూత్రపిండాలకు హాని చేయగలదు. ఇంతకుముందే మోకాలి శస్త్రచికిత్స జరిగినవారు, కీళ్ల అరుగుదల ఉన్నవారు మెట్టు సాధనను వైద్యుడి సలహాతోనే మొదలుపెట్టాలి.

ఈ పాఠానికి అభ్యాసం ఆరు వారాలది. మీ నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి, సాధన చేసిన తేదీ, దిగిన మెట్ల సంఖ్య, మర్నాటి నొప్పి, మూడో రోజు నొప్పి రాయండి. నొప్పిని సున్నా నుంచి పది దాకా మీరే కొలవండి. మూడో రోజు గడిలో నాలుగు కంటే పెద్ద అంకె వస్తే తర్వాతి వారం మెట్లు పెంచకండి. ఆరో వారం చివర ఎనిమిది వందల మెట్లు దిగిన తర్వాత ఆ గడిలో రెండు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఐదో పాఠానికి రండి. అందులో పటం చదవడం, ఎత్తు గీతల మధ్య దూరాన్ని బట్టి ఈ రోజు చెప్పుకున్న 12 డిగ్రీల వాలు ఎక్కడ మొదలవుతుందో ఇంట్లో కూర్చునే గుర్తించడం నేర్చుకుంటాం. అప్పటికి ఒక స్కేలు, సన్నని పెన్సిలు సిద్ధంగా ఉంచుకోండి.