కార్యాలయ సిబ్బందికి సమాచార భద్రత – 3వ పాఠం: మెయిలు వెనుక ఉన్నదెవరు?

గత పాఠంలో పాస్‌వర్డుల సంగతి చూశాం. ఎంతో జాగ్రత్తగా పెట్టుకున్న పాస్‌వర్డును మన చేతనే పరాయి చోట టైపు చేయించే మెయిళ్లను గుర్తుపట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం. కాకుటూరులోనైనా ఒంగోలులోనైనా విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో పనిచేసే జూనియర్ అసిస్టెంటు చేతి కింద వేలాది విద్యార్థుల మార్కులు, వ్యక్తిగత వివరాలు ఉంటాయి కనుక, మోసగాళ్లు సర్వరు గది తాళాలు పగలగొట్టే శ్రమ మానుకుని నేరుగా ఆ బల్ల దగ్గరికే వస్తారు.

ఫలితాల వెల్లడికి ముందురోజు సాయంత్రం ‘రిజిస్ట్రార్’ పేరుతో ఒక మెయిలు వచ్చిందనుకోండి. ‘అత్యవసరం. కింది లింకులో లాగిన్ అయి, ఆరో సెమిస్టరు జాబితాను గంటలోపు ధ్రువీకరించండి’ అని అందులో ఉంటుంది. పంపినవారి పేరు ఎవరైనా తమకు తోచినట్టు పెట్టుకోవచ్చు. ఫోనులో సాధారణంగా ఆ పేరే కనిపిస్తుంది కాబట్టి, దానిపై నొక్కి అసలు చిరునామాను, ముఖ్యంగా ‘ఎట్’ గుర్తు తర్వాతి భాగాన్ని చూడాలి.

ఇక లింకు. కంప్యూటరులో మౌసు బాణాన్ని, నొక్కకుండా, లింకు మీద ఉంచితే బ్రౌజరు అడుగున ఎడమ మూల అసలు చిరునామా కనబడుతుంది. ఫోనులో లింకుపై వేలు అదిమి పట్టాలి. మొదట్లో ఉండే జంట ఏటవాలు గీతలను దాటి, ఆ తర్వాత వచ్చే ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదవండి. ఒంటి గీతకు ముందున్న పేరు ‘యూజీసీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగిస్తే అది ప్రభుత్వ చిరునామా. ‘యూజీసీ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్’ అని ఉంటే, ముందు ఎంత పెద్ద పేరున్నా, ఆ స్థలం ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’ యజమానిదే. కవరు మీద ఏ ఊరి పేరు రాసినా ఉత్తరాన్ని నడిపించేది కింది పిన్‌కోడు కదా, ఇదీ అంతే. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే నమ్మవచ్చని చాలామంది అనుకుంటారు. సమాచారం దారిలో ఎవరి కంటా పడదన్నంత వరకే ఆ గుర్తు చెబుతుంది, అవతలివారి నిజాయితీ గురించి ఏమీ చెప్పదు.

చిరునామా సరిగ్గానే ఉన్నా, ఆ అధికారి ఖాతానే ఎవరైనా చేజిక్కించుకుని ఉండవచ్చు. అందుకే పాస్‌వర్డు గానీ, డబ్బు గానీ, విద్యార్థుల జాబితా గానీ అడిగే ప్రతి మెయిలుకూ, అందులో ఇచ్చిన నంబరుకు కాక కార్యాలయంలో ముందే ఉన్న నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకోవాలి. పై అధికారిని ప్రశ్నించినట్టవుతుందని వెనుకాడే అలవాటే మోసగాడికి పెట్టుబడి. కాబట్టి ‘ఫోను చేసి అడిగినవారిని ఎవరూ మందలించరు’ అని అధికారులే లిఖితపూర్వకంగా సర్క్యులర్ ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఒకవేళ ఇప్పటికే పాస్‌వర్డు ఇచ్చేసి ఉంటే, వెంటనే వేరే పరికరం నుంచి దాన్ని మార్చి, ఐటీ విభాగానికి చెప్పండి. సైబరు ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబరు ఘటనలను మన కార్యాలయం గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయవలసి ఉంటుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబరు నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి.

అభ్యాసం: మీ ఇన్‌బాక్సులో లింకులున్న ఐదు పాత మెయిళ్లు తెరిచి, దేన్నీ నొక్కకుండా, ఒక్కో లింకు అసలు యజమాని పేరును కాగితంపై రాయండి. సందేహం కలిగినవాటిని పక్క సీటు వారితో కలిసి చూడండి. వచ్చే పాఠంలో వాట్సాప్ గ్రూపుల్లో మార్కుల జాబితాలు పంచుకోవడం గురించి తెలుసుకుందాం.