రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చిందా? ఒప్పుకునే ముందు ఈ జాగ్రత్తలు

- ముందు రెండు ఆఫర్ లెటర్లలోనూ చివరి తేదీ చూడండి. కట్టిన అడ్వాన్స్ తిరిగిస్తారో లేదో కూడా.

- ర్యాంకు చూసి మురిసిపోకండి. ప్రపంచ యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే, 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో 30 శాతం మార్కులు పూర్వ విద్యార్థులకూ అధ్యాపకులకూ వచ్చిన నోబెల్ బహుమతులు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలకే. హాస్టల్ గది ఎలా ఉంటుంది, క్లాసులో ఎంతమంది అన్నవి అందులో లెక్కకే రావు. అలాగని పేరు పనికిరాదని కాదు. ఆ పేరు మీరు చదవబోయే సబ్జెక్టుకు ఉందా, లేక బిల్డింగుకేనా అన్నది తేల్చుకోండి.

- క్యాంపస్ చూడటానికి మామూలు రోజు సాయంత్రం వెళ్లండి. వాళ్లు పిలిచిన రోజు అంతా పెళ్లివారిల్లులాగే ఉంటుంది. నోటీసు బోర్డు మీద కాగితాలు ఈ నెలవా, పోయినేడాదివా? క్లబ్బులు నిజంగా నడుస్తున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

- సీనియర్లను "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. "ఆదివారం ఏం చేస్తారు? ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెబుతారు?" అని అడగండి.

- ఫీజుతోపాటు అద్దె, తిండి, ప్రయాణాల ఖర్చూ లెక్కేయండి.

- చుట్టాలకు ఏం చెప్పాలన్న టెన్షన్ పక్కన పెట్టండి. అక్కడ ఉండాల్సింది మీరు.

- సీటు ఖాయమైనట్టు రాతపూర్వకంగా వచ్చాకే రెండోది వదులుకోండి.