బాల్ జాయింట్ బొమ్మకు రంగులు – నాలుగో పాఠం: ఒంటికి పాస్టెల్, అంతకంటే ముందు ఆ తెల్ల మసక సంగతి

బాల్ జాయింట్ బొమ్మ అంటే బంతుల్లాంటి కీళ్లతో, లోపలి ఎలాస్టిక్‌తో ముక్కలన్నీ కలిసి నిలబడే రెసిన్ (గట్టి ప్లాస్టిక్‌లాంటి పదార్థం) బొమ్మ. ఈ పాఠంలో దాని చేతులకు, మోకాళ్లకు, పాదాలకు పాస్టెల్ పొడి ఎలా వేయాలో చెప్పాలి. చెప్తాను. కానీ మూడో పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోలు చూశాక నేరుగా అక్కడికి పోతే లాభం లేదనిపించింది. సీలెంట్ (రంగు నిలవడానికి కొట్టే స్ప్రే పూత) కొట్టిన బొమ్మ తలలు చాలావరకు తెల్లగా మసకబారాయి. కొన్ని ముట్టుకుంటే గరుకు. ఒకటి రెండు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. తల పాడైతే తుడిచి మళ్లీ చేసుకోవచ్చు. ఒళ్లంటే పది పదిహేను ముక్కలు, అన్నీ ఒకేసారి మసకబారితే ఒక సీలెంట్ డబ్బా గాలికి పోయినట్టే. అందుకే ముందు ఈ లెక్క తేల్చుకుందాం.

కర్నూలు నుంచి ఒకావిడ "డబ్బా నకిలీదేమో మేడమ్" అని రాశారు. నకిలీ కాదు. ఆవిడ స్ప్రే చేసింది ఆగస్టులో, ముందు రోజు రాత్రి వాన పడ్డాక, తెల్లవారుజామున, మిద్దె మీద. ఎందుకు ఆ వేళ అంటే "చల్లగా ఉంటుందని". చల్లగా ఉంటుంది నిజమే. కానీ గాలిలో తేమ శాతం రోజు మొత్తంలో ఎక్కువగా ఉండేది ఆ వేళకే. మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు తక్కువకు దిగుతుంది. సీలెంట్‌లో ఉండే ద్రావకం చకచకా ఆవిరైపోతూ బొమ్మ మీది పొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద నీరై కూర్చుంటుంది, పొర ఆరేలోపు అందులోనే ఇరుక్కుంటుంది. మీకు కనిపించిన తెల్ల మసక అదే. జపాన్ డబ్బా అయినా, ఇంకే దేశం డబ్బా అయినా ఇది తప్పదు.

కడప నుంచి వచ్చిన కేసు ఇంకా విచిత్రం. మే నెల, బయట చెమట కూడా నిలవని పొడి ఎండ. ఆ గాలిలో మసక రావడానికి వీల్లేదు. నాలుగు ప్రశ్నలు అడిగితే తేలింది, పక్క గదిలో కూలర్ ఆడుతోంది, మధ్య తలుపు తెరిచే ఉంది. కూలర్ పనే గాలికి తేమ పట్టించడం కదా. స్ప్రే చేసే ముందు కూలర్ ఆపండి, గది ఆరేదాకా ఆగండి. ఏసీ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. కానీ ఏసీ గదిలో తలుపులు బిగించి స్ప్రే చేస్తే మీ ఊపిరితిత్తులకు బాధ, కాబట్టి అదీ వద్దు.

గరుకు సంగతి దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కొడితే తుంపరలు బొమ్మను చేరేలోపే గాలిలో సగం ఆరిపోతాయి, పొడిగా వచ్చి వాలతాయి. దూరం ఎక్కువైనా ఇంతే. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం అని మూడో పాఠంలో చెప్పాను. మన ఎండాకాలంలో 20కి దగ్గరగా ఉండండి. మెరుపు వచ్చిందంటే మాత్రం దూరం బాగా తగ్గిపోయింది, లేదా చెయ్యి ఒకే చోట ఆగిపోయింది. పొర తడిసి కారేంత పడితే మెరుపు లేని మ్యాట్ సీలెంట్ కూడా మెరుస్తుంది.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ కొనుక్కోండి. సీలెంట్ డబ్బాతో పోలిస్తే దాని ధర ఏపాటిది! తేమ 60 శాతం లోపు, వేడి 20 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే నేను డబ్బా ముట్టుకుంటాను. లేకపోతే ఆ రోజు బొమ్మల కళ్లు శుభ్రం చేసుకోవడమో, వాటి విగ్గులు దువ్వుకోవడమో చేస్తాను. అనంతపురంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదకొండింటికి ఎండ కాస్త పైకొచ్చాక మంచి సమయం. ఏప్రిల్, మే అయితే తొమ్మిదిలోపు ముగించాలి. జూన్, జూలైలో మాకు తేమ కంటే గాలితో టెన్షన్. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆ రోజుల్లో మిద్దె మీద కొడితే సగం సీలెంట్ పక్కింటివాళ్ల వడియాల మీద పడుతుంది. పెద్ద అట్టపెట్టె ఒకవైపు కోసి, మూలకు పెట్టి అందులో కొట్టండి. గాలికి లేచే ఎర్రదుమ్ము తడి పొర మీద అంటుకుంటే గోటితో గీకినా రాదు.

ఇప్పటికే మసకబారిన తలలకు మందు ఇది. ఒకరోజు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత తేమ తక్కువున్న వేళ చూసి, పైనుంచి పలచగా ఒకే పొర కొట్టండి. కొత్త పొరలోని ద్రావకం పాత పొరను కాస్త కరిగిస్తుంది, చాలాసార్లు మసక అక్కడికే పోతుంది. పోకపోతే ఇక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది, ఓపిక. గోళ్ల రంగు తుడిచే ద్రావకం మాత్రం ముట్టకండి. అందులో ఎసిటోన్ ఉంటే రెసిన్‌నే దెబ్బతీస్తుంది. రంగుల అంగట్లో అమ్మే థిన్నర్ కూడా అంతే. వాసన వేసే జెల్ శానిటైజర్ వాడిన ఒకరికి తల జిడ్డుగా తయారైంది. అందులో గ్లిజరిన్ ఉంటుంది మరి.

మాస్కు సంగతి మళ్లీ గుర్తుచేస్తున్నాను, ఎవరూ ఫోటోలో చూపించలేదు కాబట్టి. సీలెంట్ ఆవిరికి గుడ్డ మాస్కు, ఎన్95 పనికిరావు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ద్రావకాల ఆవిరిని పట్టే ఫిల్టర్ డబ్బీ) ఉన్న రెస్పిరేటర్ కావాలి. పాస్టెల్ పొడి గీకేటప్పుడైతే ఎన్95 చాలు. దేవుడి గదిలో దీపం వెలుగుతుండగా పక్క వరండాలో స్ప్రే చేయకండి, ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది.

ఇక ఒళ్లు.

ఎలాస్టిక్ తీసి ముక్కలు విడదీయడం, అంట్లు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో కడగడం, ఆరబెట్టడం, కుడిఎడమలు కలిసిపోకుండా గుర్తు పెట్టుకోవడం, ఇవన్నీ మీకు వచ్చు. ప్రతి ముక్కనూ లోపలి కన్నంలోంచి ఒక వెదురు పుల్లకు గుచ్చి, థర్మాకోల్ దిమ్మెకు నిలబెట్టండి. ముఖానికి కొట్టినట్టే పలచగా రెండు పొరలు. పాస్టెల్ పొడి పట్టుకునేది ఈ పొర గరుకును ఆసరా చేసుకునే. నున్నటి రెసిన్ మీద పొడి నిలవదు, జారిపోతుంది.

పాస్టెల్ అంటే సాఫ్ట్ పాస్టెల్, సుద్దలాగా పొడి రాలేది. పిల్లల డ్రాయింగ్ పెట్టెలో ఉండే ఆయిల్ పాస్టెల్ కాదు. ఇది రెండో పాఠంలోనే చెప్పాను.

రంగుల ఎంపికలో నాకో పట్టింపు ఉంది, దాచను. బేబీ పింక్ నాకు పడదు. పాలలాంటి తెల్ల రెసిన్ మీద కూడా అది అతికించినట్టే ఉంటుంది. నేను ఇటుక ఎరుపు గీకి, అందులో కొంచెం ముదురు గోధుమరంగు, చిటికెడు నారింజ కలుపుతాను. బత్తలపల్లి దాటాక రోడ్డు పక్కన దున్నిన చేను ఉంటుంది చూడండి, దాదాపు ఆ రంగు. ట్యాన్ (గోధుమ ఛాయ) రెసిన్‌కు దీన్నే ఇంకా ముదురు చేసి మెరూన్ కలపండి. నా దగ్గరి ట్యాన్ బొమ్మలకు గులాబీరంగు దగ్గరికి కూడా రానివ్వను.

మనిషి ఒంట్లో ఎముక చర్మానికి దగ్గరగా వచ్చే చోట, చర్మం మడతపడే చోట ఎరుపు కనిపిస్తుంది. మీ చేతినే కిటికీ వెలుతురులో చూసుకోండి. వేళ్ల కణుపులు, గోళ్ల చుట్టూ, అరచేతి అంచు, మోచేయి, మోకాలి చిప్ప, చీలమండ, మడమ, కాలివేళ్ల చివర్లు, కాలర్ ఎముకల పైన, బొడ్డు లోపల, చెవి అంచు. ఇంతే. మెత్తటి ఐషాడో బ్రష్‌తో పొడి తీసుకోండి, టిష్యూ మీద ఒకసారి దులపండి, అప్పుడు బొమ్మ మీద గుండ్రంగా తిప్పండి. దులిపాక బ్రష్‌లో ఏమీ మిగల్లేదనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. వేళ్ల సందుల్లోకి సున్నా నంబర్ బ్రష్ కుచ్చును సగానికి కత్తిరించి వాడతాను.

జాయింట్ బంతికి, అది కూర్చునే గిన్నెకు రంగు వేయకండి. ఎంత సీలెంట్ కొట్టినా అక్కడ రెసిన్ రెసిన్‌తో రాసుకుంటుంది, రంగు చెదిరిపోయి పక్కకు అంటుకుంటుంది. బొమ్మ నిలబడ్డప్పుడు బయటకు కనిపించే అంచు దాకా రంగు తెచ్చి ఆపేయండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండించే విషయం. దయచేసి వేలితో రుద్దకండి.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. బడిలో డ్రాయింగ్ సార్లు కాగితం మీద పాస్టెల్ పూసి వేలితో రుద్దమంటారు. కాగితం వేలి జిడ్డును పీల్చుకుంటుంది, అక్కడ చెల్లుతుంది. సీలెంట్ పొర పీల్చుకోదు. కంటికి కనిపించని ఆ గరుకు గుంతల్లో మీ వేలి నూనె నిండిపోతుంది. తర్వాత బ్రష్ ఆ చోటికి వస్తే పొడి ముద్దగా అంటుకుని ముదురు మచ్చ అవుతుంది, లేదా అసలు అంటకుండా ఖాళీ వదిలేస్తుంది. అసలు మోసం ఎక్కడంటే, రుద్దినప్పుడు అది చాలా అందంగా కనిపిస్తుంది. మచ్చ బయటపడేది పైన సీలెంట్ పడ్డాకే. అప్పటికి అది పొర కింద శాశ్వతం. అనంతపురం నుంచి ఒకబ్బాయి పంపిన ఫోటోలో బొమ్మ తొడ మీద బొటనవేలి ముద్ర గీతలతో సహా పడింది. ఆధార్ నమోదుకు ఆ ఒక్క తొడ చాలు.

"చేతులు సబ్బుతో కడుక్కున్నాను" అంటారు. కడుక్కున్నాక ముక్కు తుడుచుకుంటారు, జుట్టు వెనక్కి నెట్టుకుంటారు. తలకు కొబ్బరినూనె పెట్టిన రోజైతే చెప్పనే అక్కర్లేదు. ఉగ్గాని బజ్జీ తిన్న చేతిని ఎంత కడిగినా కాసేపు నూనె వాసన పోదు, నూనె మాత్రం పోతుందా? నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. లోపల పౌడర్ చల్లిన రబ్బరు గ్లౌజులు వద్దు, ఆ పౌడర్ కూడా రంగులో కలుస్తుంది. ముక్కను పుల్ల పట్టుకునే తిప్పండి. అంచులు మెత్తబడాలంటే పొడి లేని శుభ్రమైన రెండో బ్రష్ ఉంచుకుని దానితో తిప్పండి, లేదా మేకప్ స్పాంజి ముక్క. సీలెంట్ పడకముందే మచ్చ కనిపిస్తే మెత్తగా పిసికే రబ్బరుతో అద్ది తీయొచ్చు. పడ్డాక కనిపిస్తే ఆ ముక్క మొత్తం ఆల్కహాల్‌తో తుడిచి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. మచ్చ వరకే తుడుద్దామని చూస్తే చుట్టూ ఒక అంచు గీత మిగులుతుంది, అది ఇంకా వికారం.

మొదటి విడత పొడి వేశాక ఒక పలచటి పొర కొట్టండి. రంగు సగం మాయమైపోయినట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఆరాక రెండో విడత వేయండి, మళ్లీ పొర. మూడోది చేతులకు, పాదాలకు మాత్రమే. ఒకేసారి ముదురుగా వేస్తే పొడి పొరలో కలవక తర్వాత చొక్కాకు అంటుకుంటుంది. తెల్ల బట్టలు వేసే బొమ్మలవాళ్లు మరీ జాగ్రత్త. మడమల దగ్గర చెయ్యి ఎప్పుడూ ఎక్కువ పడిపోతుంది. మీకు కావాల్సింది పారాణి అయితే అది వేరే పని, సన్న కుంచెతో యాక్రిలిక్‌లో వేయాలి. ఇంకో పాఠంలో చూద్దాం.

ధర్మవరం నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "మా పక్కనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మలకు వేసే రంగులే దీనికి వేస్తే రంగు బాగా పలుకుతుంది కదా?" తోలుబొమ్మకు వెలుతురు వెనకనుంచి వస్తుంది. అందుకే పలచటి తోలుకు రెండు వైపులా గట్టి రంగులు పట్టిస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. మన బొమ్మ మీద వెలుతురు ముందునుంచి పడుతుంది, లేత రంగే నిజంగా ఉంటుంది. పైగా అద్దకం రంగులు రెసిన్‌లోకి ఇంకితే ఆల్కహాల్‌తో కూడా రావు. బొమ్మ మొత్తాన్ని రంగు నీళ్లలో ముంచి ఒళ్లంతా ట్యాన్ చేసేవాళ్లు ఉన్నారు. అది వెనక్కి తీసుకోలేని పని, ఖరీదైన బొమ్మతో నేను చేయను.

వచ్చే పాఠంలోపు అభ్యాసం. ఒక చేతిని మాత్రమే తీసుకోండి, రెండోదాన్ని ముట్టుకోకండి. ఐదు వేళ్లకూ మూడు విడతల్లో రంగు వేసి సీల్ చేయండి. ప్రతి విడత తర్వాత మూడు ఫోటోలు తీయండి: ట్యూబ్‌లైటు కింద, పసుపు బల్బు కింద, నీడలో పగటి వెలుతురులో. ఫోన్‌లో ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేసి తీయండి. ట్యూబ్‌లైటు కింద బాగుందనుకున్న రంగు పగటి వెలుతురులో ఎక్కువైతే మొత్తం తుడిచేసి మళ్లీ వేయండి. అది కుదిరాక రెండో చెయ్యి వేసి మొదటిదానికి జోడీ కలిపించండి. అసలు కష్టం అక్కడే ఉంది, కాబట్టి దానికి ఒక సెలవు రోజు పెట్టుకోండి. ఫోటోలతో పాటు ఆ రోజు తేమ శాతం, వేడి, టైము కూడా రాయండి. అవి లేకుండా "మళ్లీ మసక వచ్చింది మేడమ్" అని రాస్తే జవాబు ఇవ్వను.