‘చరిత్రలో ఈ రోజు’ బల్ల రాయడం ఎలా?

ఒకే తేదీన వేర్వేరు సంవత్సరాల్లో జరిగిన సంగతులను బడిలోనో గ్రంథాలయంలోనో ప్రతిరోజూ నల్లబల్ల మీద రాయాలనుకునేవారి కోసం ఈ పద్ధతి వివరిస్తున్నాను. విజయవాడలో మా పేట గ్రంథాలయంలో కొన్నేళ్లుగా ఆ పని నేనే చూస్తున్నాను.

మొదటి ఏడాది నవంబరు 19న, 1828లో ఝాన్సీ లక్ష్మీబాయి జననం, 1917లో ఇందిరా గాంధీ జననం అని రెండు వరుసలు రాసి ఊరుకున్నాను. రోజూ పేపరు చదవడానికి వచ్చే ఒక పెద్దాయన, అవనిగడ్డ వైపు మనిషి, కళ్లజోడు పంచె అంచుతో తుడుచుకుని ఆ రెండు వరుసలూ చదివి, “మా ఉప్పెన రాయలేదేం బాబూ?” అని అడిగారు. 1977లో ఆ తేదీనే దివిసీమను సముద్రం ముంచెత్తి, వేలమందిని పొట్టన పెట్టుకుంది. మన కృష్ణమ్మ కడలిలో కలిసే చోట జరిగిన ఆ ఘోరాన్ని మరిచిపోయినందుకు సిగ్గుపడి, అప్పటికప్పుడు సుద్దముక్క తీసుకుని మూడో వరుస రాశాను. ముందు మన నేల, తరువాత దేశం, ఆపైన ప్రపంచం అనే క్రమాన్ని ఆ రోజు నుంచి తప్పలేదు.

మొదటగా కావలసింది 366 కార్డులు పట్టే ఒక పెట్టె. తేదీకి ఒక కార్డు చొప్పున పెట్టుకుని, ప్రతి సంగతికీ సంవత్సరం, స్థలం, ఒక్క వాక్యంలో విషయం, అది దొరికిన పుస్తకం పేరు, పుట సంఖ్య రాసుకోవాలి. ఒక్క చోటే కనిపించినదాన్ని పెన్సిలుతో రాసి, రెండో ఆధారం దొరికాకే సిరాతో దిద్దాలి. పెన్సిలు వరుసలు బల్ల మీదికి ఎక్కకూడదు. ఈ ఒక్క నియమం చాలా తప్పుల నుంచి కాపాడుతుంది.

బల్ల మీదికి రోజుకు నాలుగైదు సంగతులకు మించి తీసుకోవద్దు. నవంబరు 1 కార్డునే చూడండి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు కనుక అందరూ అదే రాస్తారు. అదే తేదీన 1864లో మచిలీపట్నాన్ని ఉప్పెన తుడిచిపెట్టిందనీ, సుమారు 30,000 మంది చనిపోయారనీ రాసేవారు తక్కువ. ఈ రెండూ పక్కపక్కనే ఉన్న బల్ల ముందు పిల్లలు ఎక్కువసేపు నిలబడటం నేను చూశాను. ఇక కేరళ, మైసూరు, మధ్యప్రదేశ్ కూడా 1956లో ఆ తేదీనే కొత్త రూపు దాల్చాయి. అది కాకతాళీయం కాదు, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చింది. అందుకే ఒకే తేదీన రెండు సంగతులు కనబడగానే వాటి మధ్య కారణం ఉందో లేదో విచారించాలి. రాజ్యాంగ సభ 1949 నవంబరు 26నే రాజ్యాంగాన్ని ఆమోదించినా, దాన్ని పూర్తిగా అమలుచేయడానికి జనవరి 26 దాకా ఆగింది 1930లో ఆ తేదీన పూర్ణ స్వరాజ్య దినం జరిపారు కనుకనే. ఇలాంటి చోట ‘అందువల్ల’ అన్న మాట బల్ల మీద తప్పక ఉండాలి.

కారణం లేని కలయికల అందం వేరు. వినుకొండలో గుర్రం జాషువా పుట్టిన 1895 సెప్టెంబరు 28నే ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ కన్నుమూశారు; ఆ వర్ధంతినే ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. గిడుగు రామమూర్తి, హాకీ ధ్యాన్‌చంద్ ఇద్దరూ ఆగస్టు 29న పుట్టినవారే, ఒకరు 1863లో, మరొకరు 1905లో. వీటిని ముడిపెట్టి కథలు అల్లకుండా, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

తేదీలను సరిచూడటంలోనే అసలు శ్రమ ఉంది. పాత పత్రిక చూసి రాసేటప్పుడు పత్రిక తేదీని ఘటన తేదీగా పొరబడటం అందరూ చేసే తప్పు. నిన్న జరిగినది ఈ రోజు పత్రికలో వస్తుంది. దేశాల మధ్య గడియారం తేడా మరొకటి. మనిషి చంద్రుడి మీద దిగినది అమెరికా లెక్కలో 1969 జూలై 20 అయితే, మనకు అప్పటికే 21వ తేదీ తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలు. అలాంటప్పుడు జూలై 20 కార్డులోనే ఆ సంగతి రాసి, ‘మన కాలమానం ప్రకారం 21’ అని చేర్చాలి. ఇంకా వెనక్కి వెళితే కాలెండరే మారిపోతుంది. బ్రిటన్ 1752లో కొత్త కాలెండరుకు మారినప్పుడు సెప్టెంబరు 2 మరునాడే 14 అయింది. అందువల్ల 17వ శతాబ్దపు మచిలీపట్నం గురించి ఇంగ్లీషువారి కాగితాల్లో ఉన్న తేదీకీ, డచ్చివారి కాగితాల్లో ఉన్న తేదీకీ పది రోజుల తేడా వస్తుంది.

శాసనాల్లో శక సంవత్సరం, మాసం, తిథి ఉంటాయి గాని ఇంగ్లీషు తేదీ ఉండదు. పంచాంగం తెలిసినవారు లెక్కకట్టి ఇచ్చినదాన్నే తీసుకోవాలి. పుట్టిన తేదీల విషయంలోనూ జాగ్రత్త అవసరం, ఎందుకంటే మన పెద్దవాళ్లలో చాలామందికి బడిలో వేసేటప్పుడు మాస్టారు రాసిన తేదీయే పుట్టిన తేదీ అయి కూర్చుంది. అల్లూరి సీతారామరాజు పుట్టినది జూలై 4 అని అందరూ ఒప్పుకున్నా, సంవత్సరం కొందరు 1897 అని, కొందరు 1898 అని రాస్తారు. రెండూ కార్డులో ఉంచండి. జాతీయ పతాక రూపకర్త పింగళి వెంకయ్య 1963లో కన్నుమూసినదీ జూలై 4నే.

పుట్టిన రోజుకు ‘జయంతి’, పోయిన రోజుకు ‘వర్ధంతి’ అని వేరువేరుగా రాయాలి. ఒకే బల్ల మీద రెండూ ఉన్నప్పుడు పైన శుభాకాంక్షలు పెట్టవద్దు. ‘నేటికి ఎన్నేళ్లు’ అనే లెక్కను కార్డు మీద కాక, ఆ ఉదయం బల్ల మీదే కట్టండి. కార్డు మీద రాస్తే మరుసటి ఏటికి అది తప్పు అవుతుంది.

బల్ల తుడిచే ముందు, ఆ రోజు చదువరులు చెప్పినదాన్ని కార్డు వెనుక రాసుకోండి. నవంబరు 19 కార్డు వెనుక ఇప్పుడు ఆ పెద్దాయన చెప్పిన నాలుగు ఊళ్ల పేర్లున్నాయి. ఫిబ్రవరి 29 కార్డును మరిచిపోకండి: 1896లో మొరార్జీ దేశాయి, 1904లో రుక్మిణీదేవి అరండేల్ ఆ తేదీన పుట్టారు. లీపు కాని ఏళ్లలో ఆ రెండు వరుసలను 28వ తేదీ బల్లకే కింద, అసలు తేదీ తెలిసేలా రాస్తున్నాం.