సభ్యుల హాజరు నమోదుకు కార్డులను, రీడర్లను ఎంచుకోవడం ఎలా?

వ్యాయామశాలల్లో, గ్రంథాలయాల్లో, క్లబ్బుల్లో సభ్యుల రాకను చిప్పు ఉన్న కార్డుతో నమోదు చేయాలనుకునేవారు సాధారణంగా ముందు రీడరును (కార్డును తాకకుండానే చదివే పరికరాన్ని) కొని, ఆ తరువాత దానికి సరిపడే కార్డుల కోసం వెదుకుతారు. ఈ క్రమం తలకిందులుగా ఉండాలి. ఒకరి కార్డుకు మరొకరు నకలు తయారు చేసుకుంటే మీకు వాటిల్లే నష్టం ఎంత అన్నది ముందుగా తేల్చుకుంటే ఏ చిప్పు కావాలో తెలుస్తుంది; చిప్పు ఖాయమైతే రీడరు ఎంపిక చాలావరకు దానంతట అదే తేలుతుంది.

అన్నిటికంటే చవకైనవి 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేసే కార్డులు. వాటిలో విరివిగా కనిపించే ఈఎం4100 తరహా చిప్పులో 40 బిట్ల సంఖ్య తప్ప మరేమీ ఉండదు. ఏ రీడరు దగ్గరికి వచ్చినా అది ఆ సంఖ్యను చెప్పేస్తుంది. తిరిగి రాయడానికి వీలున్న టీ5577 చిప్పు మీదికి దాన్ని ఎక్కించడం క్షణాల పని. కాబట్టి కౌంటరు దగ్గర ఒక మనిషి కూర్చుని, కార్డు పెట్టగానే తెర మీద సభ్యుని ఫొటో చూసుకునే చోట ఇవి నిక్షేపంగా పనికివస్తాయి. కాపలా లేని తలుపును తెరవడానికి మాత్రం వీటిని వాడకూడదు.

తరువాతి మెట్టు 13.56 మెగాహెర్ట్జ్ కార్డులు. ఇందులో బాగా వ్యాపించిన మైఫేర్ క్లాసిక్ చిప్పు రహస్య సంకేత పద్ధతి 2008 నాటికే బద్దలైంది కనుక, కొత్తగా మొదలుపెట్టేవారు భద్రత కోసమని దాన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు. నిజంగా భద్రత కావాలంటే ఏఈఎస్ అనే పటిష్ఠమైన సంకేత పద్ధతిని వాడే మైఫేర్ డెస్‌ఫైర్ వంటి చిప్పు కావాలి. అయితే అమ్మేవారు తరచుగా చెప్పని విషయం ఒకటుంది: డెస్‌ఫైర్ కార్డులు పంచి, వాటి క్రమసంఖ్యను మాత్రమే చదివే రీడరును పెడితే, ఆ చిప్పులోని తాళాలన్నీ వృథా. ఆ సంఖ్య బహిరంగంగానే ఉంటుంది. కోరిన క్రమసంఖ్యను రాసుకోగల నకిలీ కార్డులూ దొరుకుతాయి. కార్డులోని తాళపుచెవిని, అంటే రహస్య సంకేతాన్ని, రీడరు సరిచూస్తుందా లేదా అన్నది కొనేముందు స్పష్టంగా అడగండి.

సిబ్బంది ఫోనునే రీడరుగా వాడాలనుకుంటే ఎన్‌టాగ్213 ట్యాగులు (చిన్న చిప్పు బిళ్లలు) అనుకూలం. వాటిలో 144 బైట్ల చోటు ఉంటుంది. సభ్యత్వ సంఖ్యకు అది చాలా ఎక్కువే. మైఫేర్ క్లాసిక్‌ను ఐఫోన్ యాప్‌లు చదవలేవు. సభ్యుల ఫోనునే కార్డుగా వాడాలన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు క్రమసంఖ్యను ఎప్పటికప్పుడు మార్చి చూపుతాయి కనుక, అందుకు ప్రత్యేకంగా యాప్ లేకుండా అది కుదరదు.

ఇక రీడరు. చిన్న సంస్థలకు యూఎస్‌బీ ద్వారా కీబోర్డులా పనిచేసే రీడరు చాలు: కార్డు పెట్టగానే సంఖ్యను టైపు చేసి, చివర ఎంటర్ నొక్కుతుంది. దీనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కానీ కర్సరు ఎక్కడ ఉంటే సంఖ్య అక్కడే పడుతుంది. నమోదు తెర తప్ప మరో కిటికీ తెరవని కంప్యూటరును దీనికి కేటాయించడం మేలు. అసలు చిక్కు సంఖ్య రూపంలో వస్తుంది. కార్డు క్రమసంఖ్యలోని నాలుగు బైట్లు హెక్సాలో (పదహారు ఆధారంగా ఉండే లెక్కలో) 04 73 52 19 అనుకుందాం. వాటిని ఉన్న వరుసలోనే చదివే రీడరు, మామూలు దశాంశ సంఖ్యగా మార్చి, 0074666521 అని రాస్తుంది. వెనుకనుంచి చదివే రీడరు అదే కార్డుకు 0424833796 అని రాస్తుంది. రెండూ తప్పు కావు. కానీ మొదటి రీడరుతో సభ్యులందరినీ నమోదు చేశాక అది పాడై, మరో తయారీదారు రీడరు తెచ్చి పెట్టిన రోజున ఒక్క కార్డూ గుర్తింపుకు రాదు. అందువల్ల బైట్ల వరుసను, అంకెల సంఖ్యను మార్చుకునే వీలున్న రీడరునే కొని, ఏ అమరిక వాడారో రాసిపెట్టుకోండి. పట్టికలో ఆ గడిని అంకెగా కాక పాఠ్యంగా ఉంచండి. లేకపోతే స్ప్రెడ్‌షీట్ ముందున్న సున్నాలను మింగేస్తుంది.

తలుపును కూడా తెరవాలంటే గోడకు బిగించే రీడరు కావాలి. రీడరును తలుపు నియంత్రణ పెట్టెకు కలిపే పాత వీగాండ్ పద్ధతి తీగల మీద సంఖ్య ఏ రక్షణా లేకుండా పోతుంది; కొత్తగా వేసే తీగలకు, సంకేతీకరణకు వీలున్న ఓఎస్‌డీపీ అనే పద్ధతి రీడర్లే తగినవి. మీటర్ల దూరం నుంచి చదవడానికి వీలున్న యూహెచ్ఎఫ్ (మరింత ఎక్కువ పౌనఃపున్యపు) ట్యాగులు మనుషుల హాజరుకు అంతగా నప్పవు: పక్కగా నడిచిపోతున్నవారిదీ నమోదవుతుంది, ఒంటికి ఆనుకుని ఉన్నది నమోదు కాకనూ పోతుంది.

ఏ ట్యాగునైనా లోహం మీద అతికిస్తే మామూలు రకం పలకదు. లోహపు ప్రభావాన్ని అడ్డుకునే ఫెర్రైట్ పొర ఉన్నదే అడగాలి. రీడరును ఇనుప బల్ల మీద పెట్టినా దూరం తగ్గుతుంది. పెద్ద మొత్తంలో కొనేముందు నాలుగైదు నమూనాలు తెప్పించి, రీడరును అది ఉండబోయే చోటనే పెట్టి, కార్డు పర్సులో ఉండగా ఒకసారి, మరో కార్డుతో కలిపి ఒకసారి చదివించి చూడండి. కార్డు సంఖ్యనే సభ్యత్వ సంఖ్యగా వాడకుండా రెంటినీ వేర్వేరు గడుల్లో ఉంచితే, కార్డు పోయినప్పుడు పాతదాన్ని రద్దు చేసి, సభ్యుని పాత హాజరు చెదరకుండా కొత్తది జత చేయవచ్చు.