చెక్క లూర్ తయారీ: నీళ్లు తాగకుండా, కొక్కెం ఊడకుండా

ఇంట్లో చేసిన చెక్క లూర్, అంటే చేపలు పట్టే కృత్రిమ ఎర, పాడయ్యేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి కొక్కెం తగిలించే కడియం దగ్గర, రెండోది చెక్కలోకి నీరు దూరే సందు దగ్గర. ఈ రెండూ గట్టిగా ఉంటే రంగు కాస్త అటూ ఇటూ అయినా చేపకు పట్టదు. ఇక్కడ చెప్పేది 7 సెంటీమీటర్ల పొడవుండి, వదిలేస్తే తేలి, లాగితే మునిగే లూర్ గురించి.

చెక్క, కోతలు

ముడులు లేని, బాగా ఆరిన పైన్ చెక్క ముక్క తీసుకోండి: పొడవు 7, ఎత్తు 2, మందం 1.5 సెంటీమీటర్లు. నార పొడవు వెంట ఉండాలి. బాల్సా అనే తేలికపాటి చెక్క చెక్కడానికి సుఖం, నీళ్లలో చురుగ్గా ఊగుతుంది. కానీ రాయి తగిలినా, చేప పన్ను దిగినా సొట్ట పడుతుంది. మొదటి రెండు మూడు లూర్‌లకు పైన్ చెక్కే మేలు.

చాలామంది ముందు చేప ఆకారం చెక్కేసి, తర్వాత గాడి కోయడానికి తంటాలు పడతారు. గుండ్రటి ఒంటి మీద రంపం నిటారుగా నిలవదు, గాడి వంకర పోతుంది, లూర్ పక్కకు ఒరిగి ఈదుతుంది. అందుకే ముక్క నలుపలకలుగా ఉన్నప్పుడే నడిమి గీత గీసి కోతలన్నీ పూర్తి చేయాలి. లిప్, అంటే మూతి కింద ఉండే పలక, దూరడానికి ముందువైపు ఒక గాడి. తీగ దూరడానికి పొట్ట పొడవునా 1.5 మిల్లీమీటర్ల వెడల్పున, సగం ఎత్తు దాకా ఇంకో గాడి. ఆ తర్వాతే కత్తి, ఉప్పుకాగితం. 120 నంబరుతో మొదలుపెట్టి 320తో ముగించండి. చెక్కపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముఖ్యంగా సెడార్ చెక్క పొడి పడనివాళ్లు ఎక్కువ. ఎన్95 మాస్కు పెట్టుకోండి.

లోపలి తీగ

కడియం ఉన్న చిన్న స్క్రూలు బిగించడం సులువే, కానీ తడి తగిలి చెక్క మెత్తబడితే అవి ఊడి వస్తాయి, చేప కొక్కెంతో సహా పోతుంది. దానికి బదులు 1 మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ ఒకే ముక్కగా తోక నుంచి ముక్కు దాకా పోనివ్వండి. 3 మిల్లీమీటర్ల మేకు చుట్టూ తిప్పి మూడు కడియాలు వేయండి: తోక దగ్గర ఒకటి, పొట్ట కింద ఒకటి, లైన్, అంటే గాలపు దారం, కట్టే ముక్కు దగ్గర ఒకటి. రెండు చివర్లనూ కడియం వేశాక తీగ మీదే మూడు నాలుగు చుట్లు బిగించాలి, లేకపోతే లాగినప్పుడు విచ్చుకుంటాయి. ఇలా చేస్తే చెక్క రెండుగా చీలినా చేప తీగకే ఉంటుంది.

తీగ కోసేటప్పుడు తెగిన ముక్క తూటాలా ఎగురుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, కోసే చివరను వేలితో నొక్కి పట్టాలి.

బరువు

బరువు ఎంత అన్నది లెక్కకన్నా నీళ్ల గిన్నె బాగా చెబుతుంది. తీగ గాడిలో పెట్టి, కొక్కేలు, లిప్ తాత్కాలికంగా తగిలించి నీళ్లలో వదలండి. తడి పీల్చుకోకుండా ఒంటికి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టవచ్చు. వీపు నీటిపైన 3, 4 మిల్లీమీటర్లు తేలి, పొట్ట కిందకే ఉండేదాకా బరువు చేర్చాలి. పైకి పూయబోయే ఎపాక్సీకి (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) గ్రామున్నర దాకా వదిలిపెట్టండి. పైన్‌కి 1 గ్రాము చాలవచ్చు, బాల్సాకి 4, 5 గ్రాములు పట్టవచ్చు. బరువు పొట్ట కడియానికి దగ్గరగా, వీలైనంత కింద ఉండాలి. వెనక్కి జరిపితే విసిరినప్పుడు దూరం పడుతుంది కానీ ఊపు తగ్గుతుంది.

సీసం బరువైనదే, చవకైనదే. కానీ అది విషం, ముఖ్యంగా పిల్లలకు. బ్రిటన్‌లో హంసలు చనిపోతున్నాయని 1987లో చిన్న సీసపు గుండ్లను నిషేధించారు. ఇంత చిన్న పనికి స్టీలు గోళీ, ఇత్తడి కడ్డీ ముక్క, టంగ్‌స్టన్ ఏదైనా సరిపోతుంది. ఇంట్లో సీసం కరిగించడం మాత్రం వద్దు. అది కరిగేది 327 డిగ్రీల దగ్గర. అచ్చులో ఒక్క నీటిచుక్క ఉన్నా ఆ వేడికి ఆవిరై వెయ్యి రెట్లకు పైగా ఉబ్బి, కరిగిన లోహాన్ని ముఖం మీదకు చిమ్ముతుంది. తయారుగా దొరికే సీసపు గుండే వాడినా, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగి గానీ ఏమీ తినకూడదు.

తీగ, బరువు గాడిలో పెట్టి, ఎపాక్సీలో మెత్తటి చెక్కపొడి కలిపి లప్పంలా చేసి గాడి నిండా దట్టించండి. 24 గంటలు ఆరాక ఉప్పుకాగితంతో రుద్దండి. అప్పుడు ముక్కు కడియాన్ని వైస్‌లో బిగించి, తోక కడియానికి స్ప్రింగు త్రాసు తగిలించి, మీరు వాడే లైన్ బలానికి ఒకటిన్నర రెట్లు లాగి చూడండి. కళ్లద్దాలు ఇక్కడా కావాలి. బలం ఎంతో తెలియాల్సింది రంగు వేయకముందే.

నీరు దూరకుండా

రంగుకన్నా ముందు చెక్కకు ఎపాక్సీ సీలు పడాలి. ఇక్కడ ఒక కిటుకుంది. లూర్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి వెచ్చగా తగిలేంత వేడిచేసి, అది చల్లారుతుండగా పల్చగా ఎపాక్సీ పూయండి. చెక్కలోని గాలి కుంచించుకుంటూ ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. చల్లగా ఉన్నప్పుడు పూసి ఎండలో పెడితే ఇదే తిరగబడుతుంది: గాలి ఉబ్బి బుడగలుగా బయటికొస్తుంది, ప్రతి బుడగా ఒక చిల్లే.

ఎపాక్సీ ఐదు నిమిషాల రకం కాదు, నెమ్మదిగా గట్టిపడే రకం తీసుకోండి. తొందర రకం సమంగా పరుచుకోకముందే బిగుస్తుంది, త్వరగా పసుపెక్కుతుంది. రెసిన్, హార్డెనర్ పాళ్లు డబ్బా మీద బరువులో చెప్పారా, పరిమాణంలో చెప్పారా చూసుకుని అలాగే కొలవండి. రెండూ ఒకటి కావు, పాళ్లు తప్పితే ఎన్నాళ్లయినా జిగురుగానే ఉంటుంది. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోయడం అందరూ చేసే పొరపాటు. రెండు నిమిషాలు నెమ్మదిగా, గిన్నె అంచులు గీకుతూ కలపండి. నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. మొదటి పదిసార్లు ఏమీ కాకపోవచ్చు, కానీ ఒకసారి చర్మానికి అలర్జీ పట్టుకుంటే అది జీవితాంతం ఉండిపోవచ్చు.

సీలు గట్టిపడ్డాక 400 నంబరు కాగితంతో తడిగా రుద్ది, కడిగి, ఆరనిచ్చి యాక్రిలిక్ రంగులు వేయండి. అడుగున తెలుపు, పైన మీ ఇష్టం. రంగు పూర్తిగా ఆరాలి, లోపల తడి మిగిలితే పైపూత పాలలా మసకబారుతుంది. ఆరాక వట్టి వేళ్లతో తాకవద్దు. చేతి జిడ్డు ఉన్నచోట ఎపాక్సీ పక్కకు జరిగి గుంటలు పడతాయి.

లిప్, పైపూత

లిప్‌కి 1.5 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ రేకు వాడండి. యాక్రిలిక్ రేకు రాయికి తగిలితే పగులుతుంది. ఒంటికి దాదాపు సమాంతరంగా ఉంటే లోతుగా మునుగుతుంది, కిందికి నిటారుగా ఉంటే పైపైనే ఈదుతుంది. గాడిలోకి పోయే భాగాన్ని గరుకు చేసి ఎపాక్సీతోనే అతికించండి. సూపర్ గ్లూ ఆవిరికి లిప్ మసకబారుతుంది. బయట ఉండే భాగానికి రక్షణ పొర అలాగే ఉంచి, పైపూత అయ్యాక తీయండి.

పైపూత రెండుసార్లు, పల్చగా. అతుకుల మీద, కడియాల మొదట్లో మరికాస్త. ఎపాక్సీ జారడం ఆగేదాకా లూర్ తిరుగుతూనే ఉండాలి. నిమిషానికి నాలుగైదు చుట్లు తిరిగే చిన్న మోటారు ఉంటే సరే, లేకపోతే రెండు నిమిషాలకోసారి చేత్తో తిప్పుతూ కూర్చోవాలి. వదిలేస్తే కిందివైపు చుక్కలు వేలాడతాయి.

కొక్కేలు, ఈత

కొక్కేలు అన్నిటికన్నా చివర. రెండు కొక్కేలు ఒకదానికొకటి అందకూడదు, అందితే ప్రతి విసురుకీ చిక్కుపడతాయి. కొక్కేన్ని కడియానికి తగిలించే రింగు తెరవడానికి గోళ్లు కాదు, రింగు పటకారు వాడండి. ముల్లు లోతుగా చర్మంలో దిగితే గుంజవద్దు, డాక్టరు దగ్గరకు వెళ్లండి. కంటి దగ్గరైతే అసలు ముట్టుకోవద్దు.

నీళ్లలో లాగి చూడండి. లూర్ మీ ఎడమకు పోతుంటే, దాని ముక్కు మీవైపు ఉండేలా పట్టుకుని లైన్ కడియాన్ని కుడికి వెంట్రుకవాసి వంచండి. ఒక్కోసారి అర మిల్లీమీటరు కూడా ఎక్కువే.

వాడాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి పెట్టెలో పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ ఎరలను మాత్రం అదే అరలో వేయవద్దు. వాటిలోని నూనె రంగును, పైపూతను కరిగించి, రెండిటినీ ఒకే ముద్ద చేసేస్తుంది.