ఇంటిల్లిపాదీ కలిసి రేసుకు తయారవ్వాలంటే

కుటుంబమంతా కలిసి రేసు పరిగెత్తాలనుకుంటే ముందు ఎవరి వేగానికి పరిగెత్తాలో తేల్చుకోండి. దూరం సంగతి తర్వాత చూసుకోవచ్చు. మా ఇంట్లో అందరికంటే చిన్నవాడి వేగమే అందరి వేగం. ఈ ఒక్కటి ఒప్పుకుంటే మిగతావన్నీ దాని వెనకాలే సర్దుకుంటాయి.

మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఆరో తరగతి. మా ఆయనకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. నేను నెల్లూరులో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. మా రెండు వైపులా ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. నలుగురం కలిసి 5 కిలోమీటర్ల రేసు పూర్తిచేశాం. ఆ తర్వాత పాపతో కలిసి మేమిద్దరం చెన్నైలో 10 కిలోమీటర్లు పూర్తిచేశాం. మేమూ మొదలుపెడతామని అడిగేవాళ్ల కోసం మాకు పనికొచ్చినవన్నీ రాస్తున్నాను.

వయసు విషయంలో మొండిపట్టు వద్దు. ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లు, హాఫ్ దాదాపు 21.1. మన దేశంలో పెద్ద రేసులు ఫుల్‌కు సాధారణంగా 18 ఏళ్లు నిండాలంటాయి. తక్కువ దూరాలకు ఒక్కో రేసుది ఒక్కో రూలు, కాబట్టి డబ్బు కట్టకముందే చదువుకోండి. 2006లో ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లవాడి చేత 65 కిలోమీటర్లు పరిగెత్తించారు. తర్వాత అక్కడి అధికారులు అలాంటి దూరపు పరుగులు ఆపించారు. ఆపించడమే న్యాయమని నా నమ్మకం. పిల్లలు పెద్దవాళ్ల మాట కోసం ఎంత దూరమైనా పరిగెత్తుతారు. ఆ ప్రేమను కిలోమీటర్ల కోసం వాడుకోకూడదు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు, అంటే ఎముక పెరిగే చోట్లు, ఇంకా మెత్తగా ఉంటాయి. మితిమీరిన పరుగు దెబ్బ మొదట వాటి మీదే పడుతుంది. మడమ వెనక నొప్పి, మోకాలి చిప్ప కింద ఎముక మీద నొప్పి అని పిల్లలు చెబితే నాటకం అనుకోవద్దు. కుంటుతుంటే ఆ రోజుతో పరుగు బంద్. వారమైనా తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.

ఇంకో లెక్క కూడా పెట్టుకోండి. వారంలో ఆటకూ శిక్షణకూ పెట్టే గంటలు పిల్లల వయసును మించకూడదని పిల్లల స్పోర్ట్స్ డాక్టర్లు చెబుతారు. పదకొండేళ్లవాడికి పదకొండు గంటలే, స్కూలు క్రికెట్ కోచింగుతో కలిపి. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి.

ఏ రేసు, ఎప్పుడు?

మన ఎండను బట్టే రేసు ఎంచుకోవాలి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో వస్తుంది. దానికి తయారవ్వాలంటే పిల్లలను ఏప్రిల్, మే నెలల్లో దూరాలు పరిగెత్తించాలి. రోహిణీ కార్తెలో నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. చెన్నై మారథాన్ జనవరి మొదట్లో, చల్లటి రోజుల్లో జరుగుతుంది. మనకు దగ్గర కూడా. పినాకినీ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై సెంట్రల్‌లో ఉంటాం. అందుకే మొదటి పెద్ద రేసుకు చెన్నై అయితే మేలంటాను. దానికంటే ముందు ఊళ్లో జరిగే 5 కిలోమీటర్ల రన్ ఒకటి కుటుంబమంతా చేయండి.

జనవరి రేసుకు జులైలో మొదలుపెడితే సరిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు, తుఫాన్లు వస్తాయి. అప్పటికి పిల్లల కాళ్లు అలవాటుపడి ఉంటే ఒకట్రెండు వారాలు బయటికి పోలేకపోయినా నష్టం లేదు. ఆ రోజుల్లో మేం అపార్టుమెంట్ మెట్లు ఎక్కి దిగుతాం, తాడాట ఆడతాం. ఉరుము వినబడితే మాత్రం బయట పరుగు వద్దే వద్దు.

మా గడియారం కరెంటు స్తంభాలే

పిల్లలకు మొదట్లో వాచీలు, యాప్‌లు వద్దు. అంకెలు చూస్తే పోటీ మొదలవుతుంది. మేం శిక్షణ మొదలుపెట్టింది మా గుంటలకు పోయే మట్టిరోడ్డు మీద. ఒక పక్క కాలువ, ఇంకో పక్క గుంటల నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటిచ్చే స్తంభాల వరుస. తారురోడ్డు కంటే మట్టి కాళ్లకు సుఖం. పొద్దున్నే మేత బండ్లు తప్ప ఏమీ రావు. మొదటి నెల ఒక స్తంభం పరుగు, ఒక స్తంభం నడక. తర్వాత రెండు స్తంభాలు పరుగు, ఒకటి నడక. ఆ తర్వాత నాలుగు, ఒకటి. రేసులో కూడా నడక ఆపనవసరం లేదు. పెద్దవాళ్లు కూడా చాలామంది పరుగూ నడకా కలిపే మారథాన్లు పూర్తిచేస్తారు.

బాబు రెండో కిలోమీటరులో మొదలుపెడతాడు. "అమ్మా, ఇంకెంత దూరం?"

కిలోమీటర్లు చెప్పను. "ఆ తెల్ల కొంగ వాలిన స్తంభం దాకా రా అబ్బయ్యా, ఆడ నడుద్దాం."

కొంగ ఎగిరిపోయినా వాడు స్తంభం దాకా వస్తాడు. పిల్లలకు కంటికి కనిపించే గురి ఇస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే మాట్లాడించండి. పరిగెత్తుతూ పన్నెండో ఎక్కం అప్పజెప్పమంటాను. "పన్నెండు తొమ్మిదులు నూట ఎనిమిది" దాకా ఊపిరి అందకుండా తెగిపోకపోతే వేగం సరిపోయినట్టు. మధ్యలో రొప్పితే నెమ్మదించాలి. ఈ పరీక్ష మీరూ చేసుకోండి, పెద్దవాళ్లకూ అంతే.

వారానికి మూడు రోజులే పరుగు. మంగళ, గురువారాల్లో ఇరవై నుంచి ముప్పై నిమిషాలు, ఆదివారం కాస్త దూరం. మిగతా రోజుల్లో సైకిలు, కబడ్డీ, ఏది ఇష్టమైతే అది. ఆదివారం దూరాన్ని ఒక్కో వారం కొంచెంగా పెంచండి, నాలుగో వారం తగ్గించండి. 10 కిలోమీటర్ల రేసుకు ముందు శిక్షణలో ఎనిమిది చేయగలిగితే చాలు. కాలికి బలం రావాలంటే నెలకోసారి నరసింహకొండ ఎక్కుతాం. పైకి నడవాలి, కిందికి మెల్లగా దిగాలి. దిగేటప్పుడు పరిగెత్తితే మోకాళ్ల మీద భారం పడుతుంది.

మైపాడు బీచ్ పిల్లలకు మహా ఇష్టం. నేర్చుకోవాల్సింది కూడా అక్కడ ఉంది. నీళ్లు వెనక్కు తగ్గినప్పుడు పోయి చూస్తే తడిసి గట్టిపడిన ఇసుక పరుగుకు బాగుంటుంది. ఆటు ఎప్పుడో అక్కడి మత్స్యకారులను అడిగితే చెబుతారు. తీరం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఎంత దూరం పోతారో అంత దూరం వెనక్కి రండి, లేదంటే ఒకే కాలు మీద బరువు పడుతుంది. గవ్వ పెంకులు, తెగిన వలలు, గాలాలు ఉంటాయి, చెప్పుల్లేకుండా వద్దు. పరుగు అయ్యాక అలసిన కాళ్లతో పిల్లలను అలల్లోకి దిగనివ్వకండి. అక్కడి లాగుడు ఎక్కువ.

నిద్ర, తిండి, నీళ్లు

అన్నిటికంటే కష్టమైంది నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లారి ఐదింటికి బాబును లేపాలంటే రాత్రి ఎనిమిదికల్లా పడుకోబెట్టాలి. అంటే అన్నం ఏడింటికే. ఇంట్లో పెద్దవాళ్ల సీరియల్ టైమంతా మారిపోతుంది. ఇది ముందే మాట్లాడుకోవాలి. మా అత్తమ్మ మొదట్లో "ఆడపిల్లను తెల్లారుజామున రోడ్డు మీద పరిగెత్తించడమేందమ్మా" అంది. ఒక ఆదివారం గుంటల దగ్గరికి తీసుకెళ్లి, కల్వర్టు మీద కూర్చోబెట్టి, నీళ్ల బాధ్యత ఆమెకే అప్పగించాం. ఇప్పుడు మేం లేవకముందే సీసాలు నింపి పెడుతుంది. పెద్దవాళ్లకు చూసే పని కాకుండా చేసే పని ఇవ్వండి.

మా ఆయన రాత్రంతా గుంట దగ్గర ఆక్సిజన్ చూసుకుని వచ్చిన రోజు ఆయనకు పరుగు లేదు. నిద్ర లేని శరీరం మీద దూరపు పరుగు పెట్టకూడదు, పిల్లలకైనా, పెద్దవాళ్లకైనా.

పరుగుకు ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు చాలు. తర్వాత రాగిజావ, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు. ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు ఎట్లాగూ ఉంటుంది. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు పరుగులో ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్లివ్వాలి. దాహం వేస్తే అడుగుతారులే అనుకోవద్దు, ఆటలో పడితే మర్చిపోతారు. గంట దాటే పరుగుకు ఉప్పు, చక్కెర వేసిన నిమ్మరసం మంచిది. పొదలకూరు నిమ్మకాయలు మన పక్కనే ఉండగా రంగు డ్రింకులెందుకు? ఓఆర్ఎస్ ఇస్తే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. అసలు ఫార్ములా లేని తీపి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఇంట్లో పాత డబ్బా ఉంటే లేబుల్ చూడండి.

తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేటట్టు ఉండటం కనిపిస్తే పరుగు ఆపి నీడకు తీసుకెళ్లండి. తల, మెడ, చంకల మీద చల్లటి నీళ్లు పోయండి. మాట తడబడినా స్పృహ తప్పినా ఇంకేమీ ఆలోచించక 108కు ఫోన్ చేయండి.

ఆడపిల్లల తల్లులకు నా ఉద్యోగం వల్ల తెలిసిన మాట ఒకటి చెబుతాను. శిక్షణ మొదలుపెట్టకముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. రోజూ నా టేబుల్ మీదికి వచ్చే రిపోర్టుల్లో, చూడటానికి ఆరోగ్యంగా కనిపించే అమ్మాయిలవి కూడా ఇట్లాంటివి ఉంటాయి. "సోమరితనం, పరిగెత్తదు" అని తిట్టించుకునే పిల్లకు అసలు లోపం రక్తంలో ఉండొచ్చు. డాక్టరు చెప్పినట్టు మందులు వాడి, మునగాకు, ఆకుకూరలు, మాంసం, చేపలు పెంచి, ఆ తర్వాత దూరం పెంచండి. నెలసరి రోజుల్లో పరిగెత్తాలా వద్దా అన్నది పాప ఇష్టం. అడిగి ఊరుకోండి, ఒత్తిడి చేయొద్దు. మంచి స్పోర్ట్స్ బ్రా కొనిపెట్టండి. బూట్ల కంటే ముందు కొనాల్సింది అదే.

బూట్లు ఎదిగే కాలికి తగ్గట్టు మారుస్తూ ఉండాలి. బొటనవేలి ముందు ఒక వేలు మందం ఖాళీ ఉండాలి. మూడు నెలలకోసారి నొక్కి చూడండి. రేసు రోజున కొత్త బూట్లు, కొత్త సాక్సులు వేయకండి. తొడల మధ్య, చంకల్లో కాస్త కొబ్బరినూనె రాస్తే ఒరుసుకోదు.

చదువు సంగతి చాలామంది అడుగుతారు. ఫిబ్రవరి, మార్చి పరీక్షల నెలల్లో వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలకు తగ్గించండి. పూర్తిగా మాన్పించకండి. పరీక్షల టెన్షన్‌కు మా పాపకు ఆ ఇరవై నిమిషాలే మందు.

రేసు రోజు

ముందురోజే బిబ్, అంటే చొక్కాకు పిన్నులతో పెట్టుకునే నంబరు కాగితం, తీసుకోవాలి. బిబ్ వెనక పిల్లల పేరు, మీ ఫోన్ నంబరు, ఏదైనా ఎలర్జీ ఉంటే అది రాయండి. పిన్నులు ఎక్స్‌ట్రా ఉంచుకోండి. నలుగురికీ ఒకే రంగు చొక్కాలుంటే గుంపులో వెతకడం సులువు. తప్పిపోతే కలుసుకోవాల్సిన చోటు ఒకటి పిల్లలకు చూపించి పెట్టండి. రాత్రి బిర్యానీ వద్దు, అన్నం, పప్పు, పెరుగు చాలు. చెన్నైలో తెల్లారుజామునే మొదలవుతుంది, అప్పటికి ఏ హోటలూ తెరవదు. అరటిపండ్లు, ఖర్జూరాలు ఇంటి నుంచే మోసుకెళ్లండి.

గుంపులో వెనక నుంచి బయల్దేరండి. ముందు నిలబడితే చుట్టూ ఉన్న వేగానికి పిల్లలు మొదటి కిలోమీటరులోనే ఉన్న బలమంతా ఖర్చుపెట్టేస్తారు. ఒక పెద్ద మనిషి ముందు, ఒకరు వెనక, మధ్యలో పిల్లలు. ఎవరికైనా ఓపిక ఎక్కువున్నా ఆ వరుస దాటకూడదు. మా పాప నాకంటే వేగం. ఆమెకు ఇది కష్టమైన పాఠమే. చివరి కిలోమీటరులో వాళ్ల నాన్నతో కలిసి ముందుకెళ్లడానికి ఒప్పందం పెట్టుకున్నాం.

పిల్ల "చాలు" అంటే చాలు. ఎందుకని అడగకుండా పక్కకు తీసుకురావాలి. ఈ మాట శిక్షణ మొదటి రోజే పిల్లలకు చెప్పి, రేసు రోజున మళ్లీ చెప్పండి. ఆగొచ్చని తెలిసిన పిల్లలు భయం లేకుండా పరిగెత్తుతారు. ఊళ్లో రన్ రోజు బాబు నాలుగో కిలోమీటరు దగ్గర ఆగి, గట్టున కూర్చుని, నీళ్లు తాగాడు. మేం ముగ్గురం పక్కనే నిలబడ్డాం. కాసేపటికి వాడే లేచాడు. నలుగురం నడుచుకుంటూ, చివర్లో పరిగెత్తుకుంటూ గీత దాటాం.

గీత దాటాక ఆగిపోకుండా పది నిమిషాలు నడిపించండి. తర్వాత మజ్జిగ, ఉప్పు వేసిన వేరుశనగలు, ఇంటికొచ్చాక మా వాళ్లకైతే మలైకాజా. వారం రోజులు పరుగు వద్దు, ఆడుకోనివ్వండి. తర్వాతి రేసు ఫారం పిల్లలు వాళ్లంతట వాళ్లు అడిగేదాకా తెరవకండి. బాబు అప్పుడే అడిగాడు, అక్కలాగా 10 కిలోమీటర్లు కావాలట. వాడి వయసుకు ఒప్పుకునే రేసు ఏదుందో చూసి చెబుతానన్నాను. అప్పటిదాకా మంగళవారం, గురువారం స్తంభాల దగ్గరే.